ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ రివ్యూ: కమిట్‌మెంట్ మారితే ఏది వెంట వస్తుంది, ఏది రాదు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో రిక్రూట్ (కాలేజీ జట్టు ఎంచుకున్న హైస్కూలు ప్లేయర్) మాట మార్చడానికి ఎంతో సేపు పట్టదు. మార్చి నెలాఖరులో కోచ్ ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోతాడు, ఆయన మాట మీద కమిట్ అయిన (ఆ కాలేజీలో చేరతామని మాట ఇచ్చిన) పిల్లలు మర్నాడే వేరే ఆఫర్లు చూసుకుంటారు, వారం తిరక్కుండానే కొత్త జెర్సీతో ఫొటో బయటికి వస్తుంది. తొమ్మిదో తరగతి నుంచి పోగైన మార్కులు మాత్రం మారవు. ఆ మార్కులు చూసి మొదటి ఏడాది ఆడొచ్చో లేదో తేల్చేది, కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి చెందిన, ఇండియానాపొలిస్‌లో ఉన్న ఎలిజిబిలిటీ సెంటర్. డివిజన్ 1, డివిజన్ 2లో (కాలేజీ క్రీడల పై రెండు స్థాయిల్లో) ఆడాలనుకునే ప్రతి హైస్కూలు ప్లేయర్ డబ్బు కట్టి (ఫీజు మాఫీ ఉంటే తప్ప) వాడుకోవాల్సిన సర్వీసు ఇది. కాబట్టి డబ్బు కట్టే మిగతా సర్వీసులను ఎలా తూచి చూస్తామో దీన్నీ అలాగే చూడాలి.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. రూల్స్ స్పష్టంగా ఉన్నాయి, ఎవరైనా కాగితం మీద లెక్క వేసుకుని చూసుకోవచ్చు, ఒకసారి క్వాలిఫయర్ అయితే (మొదటి ఏడాదే ఆడే అర్హత వస్తే) ఆ తీర్పు ఏ కాలేజీకి వెళ్లినా పనికొస్తుంది. ఇవన్నీ దీని బలాలే. కానీ చేయి దాటిపోకముందే హెచ్చరించే పని ఇది చేయదు. పదో తరగతిలో జరిగిన పొరపాటు పన్నెండో తరగతి చివర్లో బయటపడితే దిద్దుకునే దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. కమిట్‌మెంట్ మార్చే పిల్లలకు ఈ లోటు మరీ ఎక్కువగా తగులుతుంది.

ఈ సర్వీసు 1993లో క్లియరింగ్‌హౌస్ పేరుతో మొదలైంది. చాలా ఏళ్లు దాన్ని ప్రవేశ పరీక్ష నడిపే ఏసీటీ సంస్థ అయోవా సిటీ నుంచి నడిపింది. 2007లో ఎన్‌సీఏఏ సొంతంగా తీసుకుని పేరు మార్చింది. కోచ్‌లు ఇప్పటికీ మాటల్లో "క్లియరింగ్‌హౌస్" అనే అంటుంటారు, అదీ ఇదీ ఒకటే.

కమిట్‌మెంట్ మారినప్పుడు

ముందుగా ఊరట కలిగించే సంగతి. సర్టిఫికేషన్ కాలేజీ పేరు మీద ఉండదు, ప్లేయర్ పేరు మీద ఉంటుంది. ఒక డివిజన్ 1 కాలేజీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని ఇంకో డివిజన్ 1 కాలేజీకి వెళ్తే కొత్త అకౌంట్ తెరవక్కర్లేదు, మళ్లీ ఫీజు కట్టక్కర్లేదు, ట్రాన్‌స్క్రిప్టులు (స్కూలు ఇచ్చే అధికారిక మార్కుల జాబితాలు) మళ్లీ పంపక్కర్లేదు. పాత ఎన్‌సీఏఏ ఐడీ నంబరే కొత్త కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకి (రూల్స్ పాటించేలా చూసే విభాగానికి) ఇస్తే చాలు. ఇంత పెద్ద వ్యవస్థలో ఇది చాలా చక్కగా కుదిరిన ఏర్పాటు.

వెంట రానివి కొన్ని ఉన్నాయి. మొదటిది ఐఆర్ఎల్, అంటే ఇన్‌స్టిట్యూషనల్ రిక్వెస్ట్ లిస్ట్. ఏ కాలేజీ అయినా "ఈ ప్లేయర్ మాకు కావాలి, ఫైలు చూడండి" అని సెంటర్‌ని అడిగే జాబితా అది. ఎవరో ఒకరి ఐఆర్ఎల్‌లో పేరు లేకపోతే తుది తీర్పు రాదు. డికమిట్ అయ్యాక పాత కాలేజీ పేరు తీసేసి, కొత్త కాలేజీ ఇంకా చేర్చకపోతే ఫైలు కదలకుండా ఉండిపోతుంది. అకౌంట్‌లోకి వెళ్లి చూస్తే అన్ని కాగితాలూ చేరినట్టే కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానం కూడా రాదు.

పేరు చేర్చేది కంప్లయన్స్ ఆఫీసు, అసిస్టెంట్ కోచ్ కాదు. "అంతా అయిపోయింది, మీరు నిశ్చింతగా ఉండండి" అని కోచ్ చెప్పినా సరే, కంప్లయన్స్ ఆఫీసర్‌కి ఒక మెయిల్ పెట్టి పేరు ఏ తేదీన చేర్చారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఒకేసారి మూడు నాలుగు కాలేజీల జాబితాల్లో పేరు ఉన్నా ఇబ్బంది లేదు. ఇంకో ఆనవాలు కూడా ఉంది. అఫీషియల్ విజిట్‌కి పిలవాలంటే ముందు ఐఆర్ఎల్‌లో పేరు పెట్టాలని రూలు. కాబట్టి కాలేజీ ఖర్చుతో విజిట్ జరిగి ఉంటే పేరు జాబితాలోకి ఎక్కినట్టే. విజిట్ లేకుండా వీడియో కాల్‌లోనే కమిట్ అయిన వాళ్లు మాత్రం తప్పకుండా అడగాలి. ఏప్రిల్, మే నెలల్లో మాట మార్చేవాళ్లలో చాలామంది ఈ కోవలోకే వస్తారు.

రెండోది అడ్మిషన్. క్వాలిఫయర్ అని సెంటర్ చెప్పడానికీ, యూనివర్సిటీ సీటు ఇవ్వడానికీ సంబంధం లేదు. కోర్ జీపీఏ (ముఖ్య సబ్జెక్టుల గ్రేడుల సగటు) 2.3 ఉంటే ఆడటానికి సెంటర్ ఒప్పుకుంటుంది, ఆ 2.3ని యూనివర్సిటీ అడ్మిషన్ కమిటీ ఒప్పుకుంటుందన్న హామీ లేదు. యూసీఎల్‌ఏ, బర్క్‌లీ లాంటి కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లకు మారాలనుకుంటే ఏ-జీ అనే 15 కోర్సుల పట్టిక వేరే ఉంది. అక్కడ మామూలు కనీస జీపీఏ రాష్ట్రంలో చదివినవాళ్లకు 3.0, బయటివాళ్లకు 3.4. ప్రత్యేక ప్రతిభ ఉన్నవాళ్లకు మినహాయింపు దారి ఉన్నా, అది కోచ్ ఒక్కడి చేతిలో ఉండదు. ఐవీ లీగ్‌కి మారితే సంగతి పూర్తిగా వేరు. అక్కడ అథ్లెటిక్ స్కాలర్‌షిప్పే ఉండదు, అకడమిక్ ఇండెక్స్ అనే వాళ్ల సొంత కొలత ఉంటుంది. కొత్త కాలేజీకి మాట ఇచ్చే ముందు కోచ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆడే నిమిషాల గురించి కాదు, "అడ్మిషన్స్ ఆఫీసు ట్రాన్‌స్క్రిప్ట్ చూసిందా, ఏమంది?" అన్నది.

డివిజన్ మారితే రూల్స్ కూడా మారిపోతాయి. ఇక్కడ మునిగే వాళ్లు ఎక్కువ కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

16 కోర్సుల లెక్క

డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు కావాలి. ఇంగ్లీష్ 4 ఏళ్లు, లెక్కలు 3 (ఆల్జీబ్రా 1 నుంచి మొదలు, ప్రీ-ఆల్జీబ్రా చెల్లదు), సైన్స్ 2 (స్కూల్లో ల్యాబ్ కోర్సు ఉంటే ఒకటి ల్యాబ్‌తో), ఈ మూడింటిలో ఏదైనా అదనంగా 1, సోషల్ 2, ఆపైన 4 అదనపు కోర్సులు. ఈ నాలుగు పై సబ్జెక్టుల్లోవే కావొచ్చు, విదేశీ భాష కావొచ్చు, తులనాత్మక మతాధ్యయనం లేదా ఫిలాసఫీ కావొచ్చు. కోర్ జీపీఏ 2.3. శాట్, ఏసీటీ స్కోర్లు 2023 నుంచి అక్కర్లేదు. కొన్ని యూనివర్సిటీలు అడ్మిషన్ కోసం అడగొచ్చు, అది వేరే సంగతి.

డివిజన్ 2కి కూడా 16 కోర్సులే, కానీ అమరిక వేరు. ఇంగ్లీష్ 3, లెక్కలు 2, సైన్స్ 2, ఈ మూడింటిలో అదనంగా 3, సోషల్ 2, ఇతరాలు 4. కోర్ జీపీఏ 2.2. పైపైన చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. అసలు తేడా 10/7 రూల్‌లో ఉంది. డివిజన్ 1లో క్వాలిఫయర్ కావాలంటే ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోపు, అంటే పన్నెండో తరగతిలో అడుగు పెట్టేలోపు, 16లో 10 కోర్ కోర్సులు పూర్తయి ఉండాలి. ఆ పదిలో 7 ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్‌వి అయి ఉండాలి. ఆ పది కోర్సుల మార్కులు అక్కడితో లాక్ అవుతాయి. ఆ తర్వాత అదే కోర్సు మళ్లీ రాసి ఏ గ్రేడ్ తెచ్చుకున్నా పాత గ్రేడే లెక్కలోకి వస్తుంది. డివిజన్ 2లో ఈ రూల్ లేదు.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. ఒక కుర్రాడు పదకొండో తరగతిలో డివిజన్ 2 కాలేజీకి కమిట్ అయ్యాడు. పన్నెండో తరగతిలో నాలుగంగుళాలు పెరిగాడు, సీజన్ బాగా ఆడాడు, ఏప్రిల్‌లో డివిజన్ 1 నుంచి ఆఫర్ వచ్చింది. కానీ పదకొండో తరగతి పూర్తయ్యేసరికి అతని చేతిలో 9 కోర్ కోర్సులే ఉన్నాయి, ఎందుకంటే డివిజన్ 2కి అంతకంటే తొందర అవసరం లేదని అప్పట్లో అనుకున్నారు. ఇప్పుడు 16 పూర్తి చేసి 3.0 తెచ్చుకున్నా డివిజన్ 1లో క్వాలిఫయర్ కాలేడు. మొదటి ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిందే. అందుకే పిల్ల ఏ స్థాయిలో కమిట్ అయినా, కోర్సులు మాత్రం డివిజన్ 1 పట్టిక ప్రకారమే పెట్టించాలి. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఏడాదికి నాలుగు కోర్ కోర్సులు చేస్తే 12 అవుతాయి, 10 దాటినట్టే. పన్నెండులో మిగిలిన నాలుగూ చేస్తే సరిపోతుంది.

జీపీఏని సెంటర్ ఎలా లెక్కవేస్తుందో తెలియకపోవడం వల్ల కూడా చాలామంది తప్పుడు ధీమాతో ఉంటారు. హైస్కూల్ రిపోర్ట్ కార్డు మీద ఉండే జీపీఏలో జిమ్ క్లాసు, ఆర్ట్, వంట క్లాసు అన్నీ కలిసి ఉంటాయి. సెంటర్ కోర్ కోర్సులు మాత్రమే తీసుకుంటుంది. ఏకి 4, బీకి 3, సీకి 2, డీకి 1. ప్లస్‌లు, మైనస్‌లు లెక్కలోకి రావు, బీ ప్లస్ అయినా బీ మైనస్ అయినా 3 పాయింట్లే. ఆనర్స్, ఏపీ లాంటి పైస్థాయి కోర్సులకు స్కూలు అదనపు వెయిట్ ఇస్తూ, ఆ పద్ధతిని సెంటర్‌కి తెలియజేసి ఉంటేనే ఆ వెయిట్ కలుపుతారు. పాస్/ఫెయిల్ పద్ధతిలో చదివిన కోర్సుకి స్కూల్లో పాస్‌కి ఉన్న అతి తక్కువ గ్రేడ్ వేస్తారు, సాధారణంగా అది డీ. కాబట్టి వీలున్న చోటల్లా గ్రేడ్ వచ్చేలా చదవాలి. 16 కంటే ఎక్కువ కోర్సులు ఉంటే పట్టికకు సరిపడేలా మంచివి ఏరుకుంటారు, ఇది ప్లేయర్‌కి లాభం.

ఇప్పుడు 2.3 అంటే ఎన్ని పాయింట్లో చూద్దాం. 16ని 2.3తో హెచ్చిస్తే 36.8. ఏడాది కోర్సులే ఉన్నాయనుకుంటే 37 పాయింట్లు కావాలి. 36 వస్తే 2.25, అంటే పోయినట్టే. లాక్ అయిన పది కోర్సుల్లో మూడు బీలు, ఐదు సీలు, రెండు డీలు ఉంటే 9, 10, 2 కలిపి 21 పాయింట్లు. మిగిలిన ఆరు కోర్సుల్లో 16 తేవాలి. నాలుగు బీలు, రెండు సీలు వస్తే సరిగ్గా అందుతుంది. కష్టపడితే అయ్యే పనే. అదే పదిలో రెండు బీలు, నాలుగు సీలు, నాలుగు డీలు ఉంటే 18 పాయింట్లే. మిగిలిన ఆరింటిలో 19 కావాలి. ఆరూ బీలు వచ్చినా 18 దగ్గర ఆగిపోతుంది, ఒక ఏ కూడా రావాల్సిందే. రెండు డీలకీ నాలుగు డీలకీ మధ్య ఇంత తేడా ఉంటుంది. ఆ డీలను పదకొండో తరగతి తర్వాతి వేసవిలో, ఏడో సెమిస్టర్ గంట కొట్టకముందే మళ్లీ చదివి సీలుగా మార్చుకుంటే గండం గడుస్తుంది. ఒకే కోర్సు రెండుసార్లు చదివితే క్రెడిట్ ఒక్కసారే ఇస్తారు, రెండు గ్రేడుల్లో మెరుగైనదాన్ని తీసుకుంటారు. ఆ వేసవిని ఏఏయూ (స్కూలు బయటి క్లబ్ జట్ల) టోర్నమెంట్లకే ఇచ్చేసిన కుటుంబాలు తర్వాత ఎంత ఖర్చు పెట్టినా ఆ మూడు నెలలు తిరిగి రావు.

సెంటర్ వెబ్‌సైట్‌లో డివిజన్ 1, డివిజన్ 2 వర్క్‌షీట్లు ఉచితంగా దొరుకుతాయి. ప్రింట్ తీసి ప్రతి సెమిస్టర్ పెన్సిల్‌తో నింపండి. సెమిస్టర్ కోర్సుకి 0.5 యూనిట్, ట్రైమెస్టర్ ఒక్కో దానికి 0.34, ఏడాదికి 1. పాయింట్లను యూనిట్‌తో హెచ్చించాలి. ఈ సర్వీసు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ కాగితమే. సెంటర్ తీర్పు కోసం ఎదురు చూడకుండా మనమే రెండేళ్ల ముందు తీర్పు తెలుసుకోవచ్చు.

స్కూళ్లు మారిన పిల్లల ఫైళ్లు

బాస్కెట్‌బాల్‌లో పైస్థాయి రిక్రూట్లు రెండు మూడు హైస్కూళ్లు మారడం మామూలే. ఒక ఊళ్లో పబ్లిక్ స్కూలు, తర్వాత ఇంకో రాష్ట్రంలో ప్రెప్ స్కూలు (కాలేజీకి సిద్ధం చేసే ప్రైవేటు స్కూలు), మధ్యలో ఒక వేసవి ఆన్‌లైన్ కోర్సు. ప్రతి స్కూలు నుంచీ అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ విడిగా, నేరుగా సెంటర్‌కి రావాలి. తల్లిదండ్రులు స్కాన్ చేసి పంపితే చెల్లదు. రెండో స్కూలు తన ట్రాన్‌స్క్రిప్ట్‌లో మొదటి స్కూలు మార్కులు రాసినా, మొదటి స్కూలు కాగితం ఉండాల్సిందే, ఎందుకంటే కోర్సు చదివిన స్కూలు జాబితాలోనే ఆ కోర్సుని చూస్తారు.

ఆ జాబితా ఏమిటంటే, ప్రతి హైస్కూలుకీ సెంటర్ ఆమోదించిన కోర్ కోర్సుల పట్టిక ఒకటి ఉంటుంది. లాగిన్ కూడా అక్కర్లేకుండా స్కూలు పేరుతో గానీ, ఆరంకెల సీఈఈబీ కోడ్‌తో గానీ ఎవరైనా వెతుక్కోవచ్చు. ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉన్న పేరు ఆ పట్టికలో ఉన్న పేరుతో కలవాలి. స్కూలు కోర్సు పేరు మార్చి పట్టికలో మార్చడం మరిచిపోతే, ఎంత మంచి కోర్సైనా సెంటర్ కళ్లకి కనపడదు. దిద్దించే అధికారం స్కూలుకే ఉంటుంది, కుటుంబానికి ఉండదు. కౌన్సిలర్ సెలవుల మీద వెళ్లిపోయే జూన్ కంటే ముందే ఈ పని పెట్టుకోవాలి. కొత్త స్కూల్లో చేరకముందే దాని పట్టిక చూడటం ఇంకా మంచిది. పట్టిక ఖాళీగా ఉన్నా, స్కూలుకి ఆమోదం లేదని కనిపించినా, అక్కడి జిమ్ ఎంత గొప్పగా ఉన్నా ఆ స్కూలు వద్దు.

ఇంకో చిక్కు, ఒకే కోర్సు రెండు పేర్లతో రెండు స్కూళ్లలో చదవడం. మొదటి చోట బయాలజీ, రెండో చోట లైఫ్ సైన్స్ అని రాసుకుంటే కుటుంబం రెండు సైన్సులు అయ్యాయనుకుంటుంది. పాఠ్యాంశం ఒకటే అని తేలితే ఒక్కటే లెక్క.

ఆన్‌లైన్ కోర్సుల విషయంలో సెంటర్ గట్టిగా ఉంటుంది, నా అభిప్రాయంలో అలా ఉండటమే సరైంది. టీచర్‌కీ విద్యార్థికీ మధ్య క్రమం తప్పకుండా పాఠం గురించి సంభాషణ జరగాలి, కోర్సుకి ఇంత కాలం అని నిర్ణయించి ఉండాలి, విద్యార్థి కోర్సు మొత్తం చదవాలి. రెండు వారాల్లో క్లిక్‌లతో ముగించే క్రెడిట్ రికవరీ (తప్పిన కోర్సుని మళ్లీ పూర్తిచేసే) కోర్సు ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏ గ్రేడ్‌గా కనిపించినా ఈ మూడింటికీ నిలబడదు. పెద్ద పేరున్న సంస్థలకు కూడా మినహాయింపు దొరకలేదు. 2010లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఇండిపెండెంట్ స్టడీ కోర్సులను ఎన్‌సీఏఏ అంగీకరించడం మానేసింది. 2014లో కే12 సంస్థ నడిపే 24 వర్చువల్ స్కూళ్ల కోర్సులను పక్కన పెట్టింది. డబ్బు కట్టే ముందు ఆ ఆన్‌లైన్ స్కూలు పేరునూ అదే పట్టికలో వెతకండి.

స్కూలు మీద సందేహం వస్తే, పిల్లలు ఏ తప్పూ చేయకపోయినా సీజన్‌లో కొంత పోతుంది. మాలి దేశం నుంచి వచ్చిన చేక్ డియాలో 2015లో కాన్సాస్ యూనివర్సిటీలో చేరాడు. న్యూయార్క్‌లో అతను చదివిన స్కూలు కోర్సుల మీద పరిశీలన నడవడంతో మొదటి ఐదు ఆటలు ఆడలేకపోయాడు, నవంబర్ 25న అనుమతి వచ్చింది. అంతకుముందు 2011-12లో అదే కాన్సాస్‌లో బెన్ మెక్‌లెమోర్, జమారీ ట్రేలర్ పార్షియల్ క్వాలిఫయర్లుగా (పూర్తి అర్హత రానివాళ్లుగా) తేలి ఆ సీజన్ అంతా ఆడకుండా ఉండాల్సి వచ్చింది. దేశంలోకెల్లా పేరున్న ప్రోగ్రామ్‌లలో ఒకటి, అనుభవం ఉన్న కంప్లయన్స్ సిబ్బంది, అయినా తీర్పు ఆలస్యాన్ని ఆపలేకపోయారు. కాలేజీ పెద్దదైతే ఫైలు తొందరగా కదులుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

రీక్లాసిఫై అయ్యేవాళ్లు

ఏడాది ముందే హైస్కూల్ గ్రాడ్యుయేట్ అయి కాలేజీకి వెళ్లడం బాస్కెట్‌బాల్‌లో బాగా పెరిగింది, చాలాసార్లు అది కమిట్‌మెంట్ మార్పుతో కలిసే వస్తుంది. ఎమోనీ బేట్స్ 2020 జూన్‌లో మిషిగన్ స్టేట్‌కి కమిట్ అయ్యాడు, 2021 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నాడు, ఆగస్టులో ఏడాది ముందుకు జరిగి మెంఫిస్‌లో చేరాడు. మార్విన్ బాగ్లీ మూడు హైస్కూళ్లలో చదివి, 2017 ఆగస్టు 14న రీక్లాసిఫై అవుతున్నట్టు, డ్యూక్‌కి వెళ్తున్నట్టు ప్రకటించాడు. ఎన్‌సీఏఏ సెప్టెంబర్ 8న క్లియర్ చేసింది. నాలుగు వారాలు కూడా పట్టలేదు. కాగితాలు సిద్ధంగా ఉంటే సెంటర్ వేగంగానే పని చేయగలదనడానికి ఇది మంచి ఉదాహరణ, సెంటర్‌కి ఈ మెప్పు దక్కాలి.

మూడేళ్లలో ముగించాలంటే 16 కోర్సుల్ని మూడుకు పంచుకోవాలి, ఏడాదికి ఐదారు కోర్ కోర్సులు. ఇంగ్లీష్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు, నాలుగేళ్ల ఇంగ్లీష్ మూడేళ్లలో కావాలంటే ఒక వేసవి గానీ, ఒకే ఏడాది రెండు ఇంగ్లీష్ కోర్సులు గానీ తప్పవు. కాబట్టి ఈ ఆలోచన పదో తరగతి నాటికే ఉండాలి. ఎనిమిదో తరగతిలో చదివిన ఆల్జీబ్రా 1 గానీ స్పానిష్ 1 గానీ హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద గ్రేడ్‌తో, క్రెడిట్‌తో కనిపిస్తే లెక్కలోకి వస్తుంది. చాలామంది దీన్ని మర్చిపోతారు.

వెనక్కి జరిగేవాళ్లకు, అంటే ఒక ఏడాది ప్రెప్ స్కూల్లో అదనంగా ఉండేవాళ్లకు, వేరే గోడ అడ్డొస్తుంది. డివిజన్ 1 గడియారం తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టిన రోజు నుంచి నాలుగేళ్లు నడుస్తుంది. సకాలంలో హైస్కూల్ గ్రాడ్యుయేట్ అయ్యాక ఒక్క కోర్ కోర్సు మాత్రమే అదనంగా చేర్చుకోవచ్చు. పోస్ట్ గ్రాడ్యుయేట్ ఏడాదిలో (హైస్కూల్ తర్వాతి ఆ అదనపు ఏడాదిలో) ఐదు కోర్సులు చదివి జీపీఏ బాగుచేద్దామనే పథకం డివిజన్ 1 విషయంలో పారదు. ఆ ఏడాది ఎత్తు, బలం, ఆఫర్లు పెంచొచ్చు, మార్కుల్ని మాత్రం ఒక్క కోర్సు మేరకే పెంచుతుంది. డివిజన్ 2 ఇక్కడ ఎంతో ఉదారం, కాలేజీలో ఫుల్‌టైమ్‌గా చేరేదాకా చదివిన కోర్ కోర్సులన్నీ తీసుకుంటుంది.

క్వాలిఫయర్ కాకపోతే

16 కోర్సులు పూర్తయి, కోర్ జీపీఏ 2.0కి పైన, 2.3కి లోపల ఉంటే, లేదా 10/7 తప్పితే, డివిజన్ 1లో అకడమిక్ రెడ్‌షర్ట్ అంటారు. పాయింట్లలో చెప్పాలంటే 32 నుంచి 36. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, మొదటి టర్మ్‌లో ప్రాక్టీస్ చేయొచ్చు, మొదటి ఏడాది ఆటలు మాత్రం ఆడకూడదు. ఆ టర్మ్‌లో 9 సెమిస్టర్ గంటలు పాసైతేనే తర్వాతి టర్మ్‌లో ప్రాక్టీస్ కొనసాగుతుంది. ఇది శిక్షలా కనిపించినా, వెనకబడి వచ్చిన పిల్లలకు కాలేజీ చదువులో కాలు నిలదొక్కుకునేందుకు దొరికే ఏడాది. ఈ మధ్యమార్గం పెట్టినందుకు ఎన్‌సీఏఏని మెచ్చుకోవాలి. 2.0కి తగ్గితే స్కాలర్‌షిప్, ప్రాక్టీస్ రెండూ పోతాయి.

మినహాయింపు కోసం వేసే వేవర్‌ని కాలేజీ మాత్రమే వేయగలదు, కుటుంబం వేయలేదు. కమిట్‌మెంట్ మార్చేవాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. పాత కాలేజీ వైద్య కాగితాలు, కౌన్సిలర్ లేఖలు సేకరించి వేవర్ సిద్ధం చేస్తున్న సమయంలో మాట మారిస్తే, కొత్త కాలేజీ మొదటి నుంచి చూసుకోవాలి, అసలు వేయడానికే ఇష్టపడకపోవచ్చు కూడా. జీపీఏ అంచు మీద ఉన్న ప్లేయర్ కొత్త కోచ్‌ని ముందే అడగాలి: "నాన్‌క్వాలిఫయర్ అని వస్తే మీరు వేవర్ వేస్తారా? రెడ్‌షర్ట్ అయితే స్కాలర్‌షిప్ ఉంటుందా?" 2025-26 నుంచి హౌస్ సెటిల్‌మెంట్‌లో (ప్లేయర్లకు కాలేజీలే డబ్బు చెల్లించేందుకు దారి తెరిచిన కోర్టు ఒప్పందంలో) చేరిన కాలేజీల్లో బాస్కెట్‌బాల్ రోస్టర్‌కి (జట్టు జాబితాకి) 15 మందే పరిమితి. ఆడలేని ప్లేయర్ కోసం ఒక చోటు అట్టిపెట్టడానికి కోచ్‌లు ఇదివరకటి కంటే ఎక్కువ ఆలోచిస్తారు.

విదేశీ లీగ్ దారి కూడా ఉంది. బ్రాండన్ జెన్నింగ్స్ మొదట యూఎస్‌సీకి కమిట్ అయ్యాడు, తర్వాత అరిజోనాకి మారాడు, ప్రవేశ పరీక్ష స్కోరు విషయం చిక్కుల్లో ఉండగా 2008లో రోమ్ క్లబ్ లొట్టోమాటికాతో ఒప్పందం చేసుకున్నాడు. అలాంటి దారి దేశంలో అగ్రశ్రేణి పదిమందికి దొరుకుతుందేమో, మిగతావాళ్లు దాన్ని నమ్ముకుని మార్కులు వదిలేయకూడదు.

క్లియర్ అయ్యాక కూడా సెంటర్ మాట ఎప్పటికీ చెక్కుచెదరనిది కాదు. 2007-08లో మెంఫిస్ జట్టు 38 ఆటలు గెలిచి ఫైనల్ దాకా వెళ్లింది. క్లియర్ అయి ఆడిన ఒక ప్లేయర్ శాట్ స్కోరు తర్వాత రద్దు కావడంతో 2009లో ఆ 38 విజయాలనూ రికార్డుల నుంచి తీసేశారు. కాగితాల్లో ఏ మూల దాపరికం ఉన్నా అది మొత్తం జట్టు మీద పడుతుంది.

సంతకం, ఫీజు, బయటి సర్వీసులు

నోటిమాటగా ఇచ్చిన కమిట్‌మెంట్‌కి రెండు వైపులా చట్టపరమైన కట్టుబాటు లేదు. 1964 నుంచి నడిచిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని (కాలేజీలో చేరతానని ప్లేయర్ సంతకం చేసే పత్రాన్ని) 2024 అక్టోబర్‌లో రద్దు చేశారు, దాని స్థానంలో ఆర్థిక సహాయ ఒప్పందమే సంతకం పత్రం. అది సంతకం చేశాక ఇతర కాలేజీలు రిక్రూట్ చేయడం ఆపాలి. ఆ ఒప్పందంలో "ఎన్‌సీఏఏ అర్హత, అడ్మిషన్ వస్తేనే" అనే షరతు ఎలా రాసి ఉందో, రెవెన్యూ షేరింగ్ (కాలేజీ ఆదాయంలో ప్లేయర్‌కి వాటా ఇచ్చే) ఒప్పందం విడిగా ఉంటే మాట మార్చినప్పుడు ఏం చెల్లించాలని ఉందో సంతకానికి ముందే చదివించుకోవాలి.

సర్టిఫికేషన్ అకౌంట్ ఫీజు అమెరికాలో చదివినవాళ్లకు వంద డాలర్ల చుట్టుపక్కల, విదేశాల్లో చదివినవాళ్లకు అంతకంటే ఎక్కువ. తక్కువ ఆదాయ కుటుంబాలకు మాఫీ ఉంది, స్కూల్ కౌన్సిలర్ ద్వారా అడగాలి. ఇంకా ఏ స్థాయో తెలియని తొమ్మిదో తరగతి పిల్లలకు ఉచిత ప్రొఫైల్ పేజీ చాలు, తర్వాత మార్చుకోవచ్చు. విదేశాల్లో చదివినవాళ్లు తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏడాది మార్కుల జాబితా మూల భాషలో, దాంతోపాటు ధ్రువీకరించిన ఇంగ్లీష్ అనువాదం ఇవ్వాలి. అమెచ్యూరిజం (ప్రొఫెషనల్‌గా ఆడలేదని తేల్చే) ప్రశ్నావళి సూటిగానే ఉంటుంది, ఆడిన జట్లు, తీసుకున్న డబ్బు నిజాయితీగా రాస్తే సరి.

"క్లియరెన్స్ ఇప్పిస్తాం" అని వందల డాలర్లు తీసుకునే బయటి సర్వీసుల జోలికి వెళ్లొద్దు. తీర్పు ఇప్పించే అధికారం వాళ్లెవరికీ లేదు. వర్క్‌షీట్ నింపి పెట్టడమే వాళ్లు చేసేది, అది కౌన్సిలర్‌తో గంట కూర్చుంటే అయ్యే పని.

పదకొండో తరగతి అవగానే ఆరు సెమిస్టర్ల ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లాలి. పన్నెండో తరగతిలో ఏప్రిల్ 1 తర్వాత అకౌంట్‌లోకి వెళ్లి తుది అమెచ్యూరిజం సర్టిఫికేషన్‌ని స్వయంగా అడగాలి, అది దానంతట అది జరగదు. గ్రాడ్యుయేషన్ అయ్యాక పంపే చివరి ట్రాన్‌స్క్రిప్ట్ మీద గ్రాడ్యుయేషన్ తేదీ కనపడాలి, తేదీ లేకుండా వెళ్లిన కాగితం అసంపూర్ణంగానే ఉంటుంది. కొత్త కాలేజీ జూన్‌లోనే వేసవి వర్కౌట్లకు రమ్మంటుంది, జులైలో ఒక వేసవి కోర్సు మిగిలి ఉంటే ఆ గ్రేడ్ ఏ స్కూలు నుంచి, ఏ తేదీకి, ఎవరు పంపుతారో కౌన్సిలర్ పేరుతో సహా కంప్లయన్స్ ఆఫీసర్‌కి రాసి పెట్టండి.